ఏఱు దాటిన బంటు

న్యూయార్కు నగరమున, చైనాటౌనునందలి కొలంబసు పార్కులో ఒక ఆదివారపు మధ్యాహ్నము నేను అడుగిడినపుడు ముందుగా నన్ను పలుకరించినది పచ్చదనము కాదు, చప్పుడు. రాతిబల్లలపై కొయ్యబిళ్లలు ఠపీమని పడుటయు, రెండు తంతుల ఎర్‌హూ వాద్యము సన్నగా రాగము తీయుటయు, పేకముక్కలు పంచుకొనుచున్న ముదుసలి స్త్రీల కంటోనీసు కలకలమును ఒకదానినొకటి త్రోసికొనుచు చెవినబడినవి. గులాబి మడులకై వచ్చినవానికి ఈ చోటు నిరాశ గొల్పునేమో గాని, మనుష్యులకై వచ్చినవానికి ఇంతకంటె నిండైన తోట ఆ మహానగరమున దొరకుట అరుదని నా నమ్మకము.

ఈ నేల చూచిన దుఃఖము తక్కువది కాదు. చేరువనే యుండిన కలెక్ట్ పాండ్ అను మంచినీటి చెరువు తోళ్లశుద్ధి కర్మశాలల కల్మషముచే చెడిపోగా, 19వ శతాబ్దారంభమున దానిని పూడ్చి, ఆపైని ఇండ్లు కట్టిరి. పూడ్చిన నేల క్రుంగెను. స్తోమత గలవారు వెడలిపోయిరి. చౌక అద్దెయే దిక్కైన ఐరిషువారును, ఆఫ్రికా సంతతివారును, వారి పిదప ఇటాలియనులును వచ్చి ఆ తేమగోడల నడుమ తలదాచుకొనిరి. ఫైవ్ పాయింట్స్ అను ఆ పేటను 1842లో చూచిన ఛార్లెస్ డికెన్సు తన అమెరికా యాత్రాగ్రంథమున దాని దైన్యమును వర్ణించియున్నాడు.

ఆ కొంపలను కూలద్రోయించుటకై పట్టుబట్టినవాడు కూడ వలసవచ్చినవాడే. 1870లో డెన్మార్కునుండి వచ్చి, పనికై వీథులు తిరిగి, పస్తులుండి, తుదకు పత్రికా విలేకరియైన జేకబ్ రీస్, మెఱుపుపొడి వెలిగించి ఆ చీకటిగదులను ఛాయాచిత్రములుగా పట్టి, 1890లో ‘హౌ ది అదర్ హాఫ్ లివ్స్’ అను గ్రంథమును వెలువరించెను. చిన్న పార్కులకై ఏటా పదిలక్షల డాలర్ల వఱకు వెచ్చింపవచ్చునని 1887లోనే చట్టమైనను, ఆ పేటలోని మల్బరీ బెండ్ అను వీథివంపున కాల్వర్ట్ వాక్స్ రూపకల్పన చేసిన పార్కు తెఱచుకొనుటకు 1897 రావలసివచ్చెను. ప్రారంభోత్సవమునకు రీసునకు ఆహ్వానము లేదు! అంతకంటె నన్ను కదలించినది వేఱొక ముచ్చట: క్రొత్తగా పఱచిన పచ్చికను కాలితో తాకి చూడవలెనను ఉత్సాహమున అతడు దానిపై నడువగా, కావలి పోలీసు వెనుకనుండి వచ్చి వీపుపై దెబ్బవేసెనట. ఈ మాట రీస్ స్వయముగా తన ఆత్మకథయందు వ్రాసికొనెను.

ఈ పార్కునకు 1911లో కొలంబసు పేరు వచ్చినది. 1882నాటి చట్టముచే చైనా శ్రామికులకు మూసిన ద్వారము 1943లో కొంచెమును, 1965 తరువాత విశాలముగను తెఱచుకొనగా ఈ పేట పెరిగి, పార్కు చైనీయుల చావడియైనది. జీర్ణించిన పాత రాతిమండపమునకు 2007లో జీర్ణోద్ధరణ జరిగినది. తోటను బాగుచేయుదుమని అందు కూర్చుండు బీదలను ముందుగా వెళ్లగొట్టి, కంచె వేసి, ‘పచ్చికపై నడువరాదు’ అను పలక నాటుట మన పట్టణములలో కూడ నేను చూచిన పద్ధతియే. ఇచట మండపము బాగుపడినది, ముసలివారును మిగిలిరి. నా దృష్టిలో ఈ రెండవదియే పెద్దపని.

ఒక బల్లచెంత చాలసేపు నిలిచితిని. షియాంగ్‌చీ అను ఆ చదరంగమున ఏనుగు, గుఱ్ఱము, బంటు కలవు. పలక నడుమ ఒక ఏఱు కలదు. ఏనుగు ఆ ఏఱు దాటరాదు. బంటు దాటవచ్చును, దాటినపిమ్మట దానికి ప్రక్కలకు నడచు అధికారము క్రొత్తగా వచ్చును గాని, వెనుకకు మరలుటమాత్రము లేదు. ఉన్నిటోపీ పెట్టుకొన్న వృద్ధుడొకడు, గోటిచివర సిరామరక గల చూపుడువ్రేలితో తన ఎఱ్ఱబంటును ఏటియొడ్డున చాలసేపు అదిమిపట్టి, చుట్టు మూగిన పదిమందియు ఒక్కపెట్టున ఏదో సలహా చెప్పుచుండగా ఎవరి మాటయు చెవినబెట్టక, మెల్లగా ఆవలికి జరిపెను. ప్రత్యర్థి తలయెత్తి అతనివంక చూచి నవ్వెను. మండపమున ఎర్‌హూ వాయించువాడు తంతిని బిగించుకొని మఱియొక పాట ఎత్తుకొనెను.