జీవజలము: తెలుగు బైబిలునం దొక పదవిచారము

ఆదికాండము 26వ అధ్యాయమున ఇస్సాకు దాసులు గెరారు లోయలో బావి త్రవ్వుదురు. నీరు పడును. తోడనే ఆ సీమ పసులకాపరులు వచ్చి ఆ నీరు తమదని కలహింతురు. ఆ నీటికి హీబ్రూ మూలమున 'మయిమ్ హయ్యీమ్' అని పేరు. మయిమ్ అనగా నీళ్లు. హయ్యీమ్ అనగా జీవించునవి. బైబిలు సొసైటీవారు ప్రకటింపగా సంఘములలో నేటికిని చదువబడుచున్న ప్రాత తెలుగు అనువాదమున ఇచ్చట 'జెలలుగల' అను విశేషణము కానవచ్చును. లేవీయకాండము 14వ అధ్యాయమున, కుష్ఠశుద్ధివిధి చెప్పుచోట, ఆ హీబ్రూ పదములే 'పారు నీరు' అయినవి. పరమగీతము 4వ అధ్యాయమున 'ప్రవాహజలము' అయినవి. యిర్మీయా 2వ అధ్యాయము 13వ వచనమున 'జీవజలములు' అయినవి. మూలమున నొక్క మాట, తెలుగున నాలుగు.

ఇది అనువాదకుల అజాగ్రత్త యని త్రోసివేయుట సులభము. పాదిరి తెలుగని పరిహసించు వాడుక పండితులలో చిరకాలముగ నున్నదే. కాని హీబ్రూలో ఈ పదము మొదట వేదాంతపదము కాదు, నీళ్లు చేదుకొనువారి పదము. ఊటనుండి పుట్టి కదలుచుండు నీరు జీవించు నీరు. వాన కురిసినపుడు పట్టి నిలువజేసికొన్న నీరు అట్టిది కాదు. శుద్ధివిధులకు మొదటిదే కావలెను. ఆ లౌకికార్థము ముందు తెలిసిననే గాని పిమ్మటి అలౌకికార్థము పొసగదు.

ఈ భేదము ఆలూరు సీమవారికి నిఘంటువు చూడకయే తెలియును. 1953 అక్టోబరు 1వ తేదీవరకు బళ్లారి జిల్లాలో నుండి, ఆంధ్రరాష్ట్రావతరణముతో కర్నూలు జిల్లాలో చేరిన యీ తాలూకా నల్లరేగడి నేల, వాన తక్కువ. పడమట హగరి యనబడు వేదవతి యున్నను సంవత్సరమున హెచ్చుకాలము అది యిసుకయే. వాన వచ్చిన దినమున వంకలు పొంగును, మరునాటికి రాళ్లు తేలును. అట్టి యిసుకలో చేతులతో గుంట తీసి యూరిన నీటిని ముంచుకొందురు; ఆ గుంటకు చెలమ యని పేరు. బావిలో నీరు పుట్టు సిరకు జెల యని పేరు. జలశబ్దమునకును జెలకును రూపసామ్య మున్నను అర్థ మొకటి కాదు: జలము నీరు, జెల నీటి పుట్టుక. కాబట్టి ఆదికాండమున 'జెలలుగల' యని వ్రాసినవారు మూలార్థమును సరిగా పట్టుకొన్నవారే.

అయితే ఆ వాక్యమందే మరియొక పదము జారిపోయినది. 'లోయ' యని తెలిగించిన మాటకు మూలము 'నహల్'. నహల్ అనగా వట్టి లోయ కాదు. వానకు పారి వేసవికి ఎండు వంకయు, ఆ వంక పారు పల్లమును రెండును అదియే. యోబు 6వ అధ్యాయమున, అక్కరకు రాని స్నేహితులను యోబు ఈ నహల్‌తోనే పోల్చును. అచ్చట అనువాదకులు 'వాగు' అనిరి, సరిపోయినది. ఆదికాండమునందును వంక యనియున్నచో, ఎండిన వంకను త్రవ్వి జెల కనుగొనుట యెంతటి లాభమో, ఆ లాభమునకై కాపరు లేల కలహించిరో ఆలూరు పాఠకునకు వ్యాఖ్య యక్కరలేకయే తెలియును. లోయ యనుటచే ఆ కలహమునకు కారణము మరుగుపడినది.

యిర్మీయా వాక్యమున దోషమును గుణమును ప్రక్కప్రక్కనే యున్నవి. ఊటను విడిచి, నీరు నిలువని వానిని జనులు చేసికొనిరని ప్రవక్త నింద. ఆ రెండవదానికి హీబ్రూ 'బోర్'. పాలస్తీనా దేశమున సున్నపురాతిని తొలిచి, లోపల గచ్చుపూసి, వాననీరు నిలువచేయు గుంట అది. గచ్చు పగిలిన నీరు రాతినెఱ్ఱెలలో నింకిపోవును. తెలుగున 'తొట్లు' అనిరి. తొట్టి యనగా పశువులకు నీళ్లుపెట్టునదియే మొదట తోచును. అది పగిలిన మరియొకటి తెచ్చుకొందురు, అంతకంటె నష్టము లేదు. కొండరాతిలో నీరు నిలుచు 'దొన' యను మాట కొంత దగ్గర, కాని అది సహజముగ నేర్పడునది. ఇచ్చట నామము చెడగొట్టినదానిని క్రియ కాపాడినది. తొట్లను 'తొలిపించుకొను'ట యని వ్రాయుటచే రాయియు, ఉలియు, వ్యర్థమైన శ్రమయు స్ఫురించుచున్నవి.

ఇక 'జీవజలము'. ఇది సంస్కృతమెరిగినవారి చెవికి పునరుక్తివలె తోచవచ్చును, ఏలయన అమరసింహుడు జీవనము, అమృతము అనువానిని జలపర్యాయములలోనే చేర్చినాడు. కాని తెలుగున ఏడాది పొడుగున పారు నదిని జీవనది యందురు. జీవశబ్దమునకు 'ఎండిపోని' యను అర్థము లోకవ్యవహారమున నున్నది. హగరి జీవనది కాదని చెప్పు సీమలో జీవజలమన్న రెండర్థములును వినబడును. ఈ సమాసమును కూర్చినవా రది తలచిరో లేదో కాని, మాట మాత్రము గట్టిది.

ఈ రెండర్థములపైననే యోహాను సువార్త 4వ అధ్యాయము నడచుచున్నది. సమరయ స్త్రీ పారు నీరని తలంచి, చేద లేదే, బావి లోతు గదా యని యడుగును. యేసు వేరొకటి చెప్పుచున్నాడు. గ్రీకు మూలమున 6వ వచనమున కథకుడు ఆ బావిని 'పేగే' యనును, అనగా ఊట. స్త్రీ 'ఫ్రేయర్' అనును, అనగా త్రవ్విన నూయి. 14వ వచనమున యేసు మరల 'పేగే' యనును. తెలుగున మొదటి రెండును 'బావి' యైనవి, కడపటిది 'బుగ్గ' యైనది. బుగ్గ రాయలసీమవారికి చక్కని మాట. తాడిపత్రి బుగ్గరామలింగేశ్వరుడు, కర్నూలు జిల్లా కాల్వబుగ్గ, కడప బుగ్గవంక ఆ పేరు వహించినవే. కాని 6వ వచనమున బావి యనుటచే ఆ రెండు ఊటలకు గల ముడి తెగినది.

అంతకంటె గురుతరమైన మాట 9వ వచనమున గలదు. యూదులు సమరయులతో 'సాంగత్యము' చేయరని తెలుగు. గ్రీకు క్రియ 'సుంక్రాస్థై'. విడదీసిన 'కూడ వాడుకొనుట'. ఇది పాత్రలను కలిసి వాడుకొనుటయే యని 1950లో డేవిడ్ డౌబె వాదించెను. వ్యవహారము జరుపుట యను అర్థమును ఆ క్రియకు కలదు గాన వాద మింకను తీరలేదు. అయినను పైవచనమునందే శిష్యులు ఆ సమరయుల యూరికి ఆహారము కొనుటకు పోయిరని యున్నది. కొనుగోలు సాగుచుండగా సాంగత్యము బొత్తిగ లేదనుట పొసగదు. ముట్టరానిది పాత్రయే యనుట పొసగును. కడప, కర్నూలు సీమలలో పూర్వ మీ గ్రంథమును విన్నవారిలో పెక్కండ్రు ఊరిబావిలో చేద వేయనియ్యబడని మాల మాదిగలు. సాంగత్యమను పెద్దమాటలో వారెరిగిన ఆ చేద కానరాదు. మూలమున నది యున్నదనుటకు మరియొక యాధారము 28వ వచనము: ఆ స్త్రీ ఊరిలోనికి పోవునపుడు తన కుండను బావికడనే విడిచిపోయెను.