చెయ్యి నాదే, కదిపింది ఎవరు?

"మా పాప అరికాలు నేను గోకితే కిలకిలా నవ్వుతుంది. తన అరికాలు తనే గోక్కుంటే నవ్వు రాదు. ఎందుకండీ?" అని ఒక పాఠకురాలు అడిగారు. రెండు వాక్యాల్లో జవాబు చెప్పి వదిలెయ్యొచ్చు. కానీ ఈ చక్కిలిగింతల వెంట వెళ్తే స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు ఉన్న రోగి పడే ఒక విచిత్రమైన బాధ దగ్గరికి చేరతాం. మెదడు గురించి నేను చదివినవాటిలో ఇంత అందమైన సంగతి ఇంకొకటి లేదు.

మెదడు చేతికి ఆజ్ఞ పంపేటప్పుడు దాని నకలు ఒకటి తన దగ్గరే ఉంచుకుంటుంది. ఆ నకలును బట్టి ఏ స్పర్శ, ఎక్కడ, ఏ క్షణాన తగులుతుందో ముందే లెక్క కడుతుంది. చర్మం నుంచి వచ్చిన కబురు ఆ లెక్కకు సరిపోతే, "ఇది నా పనే" అని దాని జోరు తగ్గించేస్తుంది. సరిపోకపోతే అది బయటివాళ్ల పని కింద లెక్క. పాప తన వేళ్లకు నవ్వకపోవడానికి కారణం ఇదే.

దీన్ని మీరే చూడొచ్చు. ఒక కన్ను మూసి, తెరిచి ఉన్న కంటి బయటి మూలను రెప్ప మీంచి వేలితో మెల్లగా నొక్కండి. ఎదురుగా ఉన్న గోడ కదులుతుంది. అదే కంటిని మామూలుగా పక్కకు తిప్పితే గోడ కదలదు. రెండుసార్లూ కంటిలోని బొమ్మ జరిగింది, కానీ మొదటిసారి కంటి కండరాలకు ఆజ్ఞ వెళ్లలేదు కాబట్టి నకలూ లేదు. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దంలోనే ఈ సంగతి పట్టుకున్నాడు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ అంతటివాడు ఒప్పుకోలేదు. వెళ్లే ఆజ్ఞ జాడ మనకు తెలియదనీ, కండరాల నుంచి తిరిగొచ్చే కబురే తెలుస్తుందనీ 1890లో వాదించాడు. 1950లో జర్మనీలో ఫాన్ హోల్స్ట్, మిట్టెల్‌స్టెట్ ఒక ఈగ తలను 180 డిగ్రీలు తిప్పి అతికించారు. లెక్క తలకిందులై ఆ ఈగ ఆగకుండా గుండ్రంగా తిరిగింది. అదే ఏడాది అమెరికాలో రోజర్ స్పెర్రీ కన్ను తిప్పిపెట్టిన చేపలో ఇదే చూశాడు. హెల్మ్‌హోల్ట్జ్ పక్షమే నెగ్గింది.

ఇక లండన్‌కు వద్దాం. సారా-జేన్ బ్లేక్‌మోర్, డేనియల్ వోల్పర్ట్, క్రిస్ ఫ్రిత్ 1999లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఎడమ చేత్తో రోబోను కదిపితే అది కుడి అరచేతిని మెత్తగా రాస్తుంది. చెయ్యి కదిలిన వెంటనే రాస్తే గిలి తక్కువ. సెకనులో పదో వంతు, రెండు వంతులు, మూడు వంతులు ఆలస్యం చేస్తూ పోతే గిలి పెరుగుతూ పోయింది. చేసింది తనేనని మనిషికి తెలుసు, అయినా గిలి ఆగలేదు! ఆలోచనకు ఈ లెక్క మీద అధికారం లేదు.

"చెయ్యి ఎత్తింది నేను కాదు, ఎవరో నా చేత ఎత్తించారు" అనే రోగులతోనూ, లేని గొంతులు వినిపించే రోగులతోనూ బ్లేక్‌మోర్, ఫ్రిత్ బృందం ఇలాంటి పరీక్షే చేసింది. 2000లో ఫలితం వచ్చింది. ఈ రోగులకు తమ చెయ్యి తాకినా, ఎదుటివాళ్లు తాకినా స్పర్శ ఒక్కలాగే అనిపించింది. 2005లో సుఖ్విందర్ షెర్గిల్ బృందం చూపించింది నన్ను ఇంకా కుదిపేసింది. వేలి మీద యంత్రం నొక్కినంతే బలంతో మీరే నొక్కుకోండి అంటే ఆరోగ్యవంతులు అవసరానికి మించి నొక్కుతారు, ఎందుకంటే సొంత నొక్కు తక్కువగా తెలుస్తుంది. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లు మనకంటే కచ్చితంగా నొక్కారు. జబ్బు ఉన్నవాళ్లు గెలిచే పరీక్ష ఇది!

అంటే "ఎవరో ఎత్తించారు" అనే ఆ రోగి అబద్ధమాడటం లేదు, మొండికెయ్యడం లేదు. చెయ్యి అనుకున్నట్టే కదిలింది, గ్లాసు అందుకుంది. "నా పనే" అనే ముద్ర మాత్రం పడలేదు. ఈ మాట పట్టుకోలేక పెద్దవాళ్లే తడబడ్డారు. ఏదో యంత్రం తమను ఆడిస్తోందనే రోగుల గురించి వియన్నాలో మనోవిశ్లేషకుడు విక్టర్ టౌస్క్ 1919లో రాస్తూ, ఆ యంత్రం రోగి జననాంగాలకు ప్రతీక అన్నాడు. జర్మన్ మానసిక వైద్యుడు కార్ల్ యాస్పర్స్ అయితే ఇలాంటి అనుభవాలు మనకు అర్థమయ్యేవి కావని తేల్చేశాడు. యాస్పర్స్ తొందరపడ్డాడనే నేనంటాను.

ఒక చిక్కు మిగిలే ఉంది. నకలు తప్పితే "నేను కాదు" అన్నంతవరకు అర్థమవుతుంది. "ఫలానావాడే" అనే నమ్మకం ఎక్కడినుంచి వస్తుందో ఈ లెక్క ఒక్కటే చెప్పలేదు.

ఇంత తెలిసినా ఆసుపత్రిలో చక్కిలిగింతల పరీక్ష రాలేదు. వైద్యులు ఇవాళ్టికీ రోగి చెప్పింది విని, గమనించే జబ్బును నిర్ధారిస్తున్నారు. మందులు చాలామందికి పనిచేస్తాయి, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. మన ఊళ్లలో గాలి సోకిందనో, చేతబడి అనో తాయెత్తుల చుట్టూ నెలలు గడిపేస్తున్నారు. నాకు మండేది అక్కడే. మీ ఇంట్లో ఎవరైనా "నా చేత ఎవరో చేయిస్తున్నారు" అంటే "నువ్వే చేశావు" అని వాదించకండి, మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చెయ్యండి. అది ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.