ట్రాఫిక్ టికెట్ మీద కోర్టుకు వెళ్తే

కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్లకు కోర్టు మెట్లెక్కే పని పడితే, అది తరచుగా ట్రాఫిక్ టికెట్ వల్లే. జరిమానా కట్టేయొచ్చు. కానీ డ్రైవింగ్ రికార్డులో పాయింటు (తప్పు చేసినట్టు నమోదు) పడుతుంది, ఇన్సూరెన్సు పెరగొచ్చు. తప్పు చేయలేదనుకునేవారు అందుకే ‘నాట్ గిల్టీ’ అని విచారణ కోరతారు.

ఈ చిన్న కేసుల్లో జ్యూరీ ఉండదు. సాధారణంగా ప్రాసిక్యూటర్ కూడా రారు. టికెట్ రాసిన పోలీసు అధికారి ముందు చెప్తారు, తర్వాత మీరు. సహేతుకమైన సందేహం లేకుండా తప్పు రుజువు కావాలి. ఆ భారం మీది కాదు. ఒక్కో కేసుకు దొరికేది కొద్ది నిమిషాలే. అంతలో ఎవరి మాట నమ్మదగిందో జడ్జి తేల్చాలి. మంచి అభిప్రాయం కలగడం అంటే ఆయన పని తేలిక చేయడమే. శుభ్రమైన బట్టలు, సమయానికి రావడం, ‘యువర్ ఆనర్’ అనడం అవసరమే, కానీ అవి గడప వరకే.

అసలు దెబ్బ మాటల్లో తగులుతుంది. ‘అందరూ అంతే స్పీడులో వెళ్తున్నారు సర్, నేను 72లోనే ఉన్నా’ అంటారు. పరిమితి 65 మైళ్లు. అంటే తప్పు మీరే ఒప్పుకున్నారు! ఇక రుజువు చేయడానికి మిగిలిందేమీ లేదు. అధికారిని అబద్ధాలకోరు అనడమూ అంతే నష్టం. ‘ఆయన నిలబడ్డ చోటు నుంచి చెట్టు అడ్డం, ఇదిగో ఫోటో’ అంటే సరిపోతుంది. ఆ ఫోటో మూడు కాపీలు తీసుకెళ్లండి: జడ్జికి, అధికారికి, మీకు. ఫోనులో చూపిస్తానంటే కుదరకపోవచ్చు.

మనకు ఇంకో అలవాటుంది. ఎదుటివారు చెప్తుంటే ‘యెస్, యెస్’ అని ఊకొడతాం. విన్నానని మన ఉద్దేశం. కోర్టులో అది ఒప్పుకున్నట్టు వినిపిస్తుంది. అధికారి చెప్తున్నంతసేపూ మౌనంగా కాగితం మీద రాసుకోండి. ఇంగ్లిష్‌లో తడబడతామనిపిస్తే దుబాసీ కావాలని ముందే కోర్టుకు చెప్పండి. రుసుము ఉండదు. అమ్మానాన్నల పేరు మీద టికెట్ వస్తే ఇది మరీ ముఖ్యం.

తీర్పు వ్యతిరేకంగా వస్తే వాదన పొడిగించకండి. ట్రాఫిక్ స్కూలుకు (పాయింటు ఇన్సూరెన్సు కంపెనీకి కనపడకుండా చేసే శిక్షణ తరగతి) అనుమతి అడగండి. 18 నెలల్లో ఒక్కసారే ఆ వీలుంటుంది. విచారణ తర్వాత ఇవ్వాలా వద్దా అన్నది జడ్జి ఇష్టం. అప్పటిదాకా మీరు మాట్లాడిన తీరు ఆయన చూసే ఉంటారు.