చేప యొరిగి యీదినచో ముందు నీటిని చూడవలెను

గాజుతొట్లలో బంగారుచేపలను పెంచు ముచ్చట యిప్పుడు మన పల్లెలకును వచ్చినది. అట్టి చేప యొకనాడు ప్రక్కకు ఒరిగి, గుండ్రముగా తిరుగుచుండగా దానికి పక్షవాతము వచ్చినదని పిల్లలు దిగులుపడుదురు. పేరు బాగుగనే యున్నది గాని, మనుష్యులకు మెదడులోని రక్తనాళము చెడి వచ్చు పక్షవాతమునకును దీనికిని సంబంధము బహు స్వల్పము.

చేప నిటారుగా నిలుచుటకు కడుపులోని గాలితిత్తియు, తలలో ఇరుప్రక్కల నుండు లోచెవులును ఆధారములు. ఒక ప్రక్క లోచెవి చెడినను, మేత యెక్కువై కడుపుబ్బి గాలితిత్తిని ఒత్తినను చేప ఒరుగును. ఒక్క చేపయే యిట్లున్నచో రెండు దినములు మేత మానిపి, తొట్టిలో మూడవవంతు నీరు మార్చి చూడవలెను. కుళాయినీరైనచో క్లోరిను పోవుటకు ఒక దినము నిలువయుంచి పోయవలెను.

చేపలన్నియు ఒక్కసారి ఒరిగినచో అది కడుపుబ్బు కాదు. నీరు చెడినదని యెంచవలెను. దోమలకై వెలిగించు చుట్టలలోను, గదిలో చల్లు మందులలోను పైరిథ్రాయిడు జాతి విషములు తరచుగా నుండును. తొట్టికి గాలి నందించు యంత్రము ఆ గాలినే పీల్చి నీటిలోనికి పంపును. మనుష్యుని శరీరము ఈ విషమును త్వరగా విఱుగగొట్టుకొనును. చేప కా శక్తి తక్కువ. నూఱుకోట్ల పాళ్ల నీటిలో కొద్ది పాళ్లున్నను అది చచ్చును.

తొట్టి సంగతి చిన్నది. ఊరి చెరువులో ఇదే చిహ్నము కనబడినచో సంగతి పెద్దది. సాగరు కుడికాలువ నీటిని చెరువులలో నింపుకొని త్రాగు గ్రామములు మన ప్రాంతమున అనేకము గలవు. ఆ చెరువుల చుట్టును ప్రత్తియు మిరపయు. 2021వ సంవత్సరమున మిరపపై నల్ల తామరపురుగు పడినప్పుడు ఎడతెగక మందు కొట్టిన రైతులను మనమందఱము చూచితిమి. ఎండోసల్ఫాను 2011లో సుప్రీంకోర్టు ఆజ్ఞచే నిషేధింపబడినది గాని, చేపకు ప్రాణాంతకములైన మందులు ఇంకను కొన్ని వాడుకలో నున్నవి.

భాస్వరపు జాతి మందులు పనిచేయు విధము వినదగినది. కండకు కదులుమని నరము పంపిన యాజ్ఞను, పని తీరినవెంటనే చెఱిపివేయు పదార్థమొకటి శరీరమున గలదు. ఈ మందు దానిని కట్టివేయును. ఆజ్ఞ ఆగదు, కండలు అదరి అదరి తుదకు పడిపోవును. చేపకును, ముఖమునకు గుడ్డయైన లేక మందు కొట్టు కూలివానికిని జరుగునది ఇదియే.

తెల్లవాఱుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెఱచి, ప్రొద్దెక్కిన పిదప తేఱుకొన్నచో అది ప్రాణవాయువు కొఱత. కొరమేను పైగాలి పీల్చి బ్రదుకును గనుక ఆ కొఱతకు లొంగదు. కొరమేనులు సయితము వెల్లకిల పడినచో విషమునే శంకింపవలెను. అప్పుడు ఆ నీరు త్రాగరాదు, పశువులను దింపరాదు, చచ్చిన చేపలను తినరాదు. కాచినంతమాత్రమున ఈ విషము పోదు. పంచాయతీకిని వ్యవసాయాధికారికిని తెలిపి, శుభ్రమైన గాజుసీసాలో నీరు పట్టి పరీక్షకు పంపవలెను.

మందుకొట్టు యంత్రమును చెరువుగట్టున కడుగు అలవాటు మన సభ్యులలోనే కొందఱికి గలదు. మొగమాటము లేక చెప్పుచున్నాము. బిందెతో నీరు చేనికే తీసికొనిపోయి అచ్చటనే కడిగి, ఆ కడుగునీటిని మందు కొట్టిన చాళ్లలోనే పోయవలెను. ఖాళీ డబ్బాలను కాలువలో విడువరాదు. మబ్బు పట్టిననాడు మందు కొట్టినచో వాన దానిని కడిగి చెరువునకే చేర్చును, మందు సొమ్మును పోవును.