డాబా ఎక్కిన 5జీ

2022 అక్టోబరు 1న మన దేశంలో 5జీ మొదలైనప్పుడు మాటలన్నీ ఫోన్ల చుట్టూనే తిరిగాయి. పల్లెలకు అంతకంటే ముఖ్యమైన ఘట్టం ఆ మరుసటి ఏడు వచ్చిందని నా అభిప్రాయం. 2023 ఆగస్టులో ఎయిర్‌టెల్ ఢిల్లీ, ముంబయిల్లోనూ, సెప్టెంబరు 19న జియో హైదరాబాద్‌తో సహా ఎనిమిది నగరాల్లోనూ 5జీ సిగ్నల్‌ను ఇంటి ఇంటర్నెట్‌గా మార్చే సేవ ప్రారంభించాయి. ఇంటి మీద ఒక పెట్టె బిగిస్తారు. అది టవరు నుంచి సిగ్నల్ అందుకుంటుంది. దాని నుంచి ఒక కేబుల్ ఇంట్లోకి దిగి వైఫై రౌటరుకు చేరుతుంది. వీధిలో తీగ లాగే పని లేదు. నగరంలో ఇది ఉన్నవాటికి తోడు మరొకటి, అంతే. కాలువ గట్టు మీద, చేల మధ్య ఒంటరిగా ఉండే ఇళ్లకు, "నాలుగిళ్ల కోసం అంత దూరం కేబుల్ లాగలేం" అని చెప్పించుకున్నవాళ్లకు మాత్రం ఇది చాలా పెద్ద సంగతి.

మాది కోనసీమ. టవరుకు మా ఇల్లు సుమారు రెండు కిలోమీటర్ల దూరం. మధ్యలో వరిచేలు, వాటికి అటూ ఇటూ కొబ్బరితోటలు. డెల్టా నేల కాబట్టి కొండ అడ్డమన్న మాటే లేదు. అయినా హాల్లో 5జీ గుర్తు వస్తూ పోతూ ఉండేది, డాబా ఎక్కితే నిలకడగా కనిపించేది. పెట్టె పెట్టించుకునే ముందు కొన్నాళ్లు, పెట్టించాక కొన్నాళ్లు ఈ తేడాను కొలుస్తూ వచ్చాను. పథకం ధర కంటే, ప్రకటనలో చెప్పే వేగం కంటే, ఆ పెట్టె ఇంట్లో ఏ మూలన నిలబడిందన్నదే పల్లెలో ఎక్కువ తేడా తెస్తుందని ఆ కొలతలు చెప్పాయి.

ముందుగా, ఫోను పైభాగంలో కనిపించే గీతలను నమ్మకండి. ఎంత సిగ్నల్‌కు ఎన్ని గీతలు చూపాలన్నది ఫోను తయారుచేసినవాళ్ల ఇష్టం. అసలు కొలత పేరు ఆర్‌ఎస్‌ఆర్‌పీ. నెట్‌వర్క్ వివరాలు చూపే ఉచిత యాప్‌లు చాలా ఉన్నాయి, వాటిలో ఇది కనిపిస్తుంది. దీన్ని డీబీఎంలలో, ఎప్పుడూ మైనస్ గుర్తుతో చెబుతారు. మైనస్ 80 దగ్గర ఉంటే బాగున్నట్టు. మైనస్ 100 అంటే ఫరవాలేదు. మైనస్ 110 దాటితే కష్టం. ఈ లెక్కలో ప్రతి 10 అంకెలకూ, అంటే 10 డెసిబెల్స్‌కూ, శక్తి పదో వంతుకు పడిపోతుంది. మైనస్ 110 అంటే ఎంత తక్కువో ఊహించడమే కష్టం. ఒక వాటును లక్ష కోట్ల భాగాలు చేసి, అందులో ఒక్క భాగాన్ని మళ్లీ వంద ముక్కలు చేస్తే ఆ ముక్క అంత. అంతటి సూక్ష్మశక్తిలోంచి కూడా ఫోను అక్షరాలను, బొమ్మలను ఏరుకోగలుగుతోంది. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఆశ్చర్యం కలుగుతూనే ఉంటుంది.

మా హాల్లో ఈ కొలత మైనస్ 113 దగ్గర ఆడేది. కిటికీ దగ్గర మైనస్ 104. డాబా మీద మైనస్ 89. హాలుకూ డాబాకూ 24 డెసిబెల్స్ తేడా. అంటే దాదాపు 250 రెట్లు! టవరు రెండు కిలోమీటర్ల అవతల ఉంటే, సిగ్నల్‌ను ఇంతగా తినేసింది ఆఖరి కొద్ది మీటర్లు.

ఆ ఆఖరి మీటర్లలో ఉన్నది కాంక్రీటు. సెల్ సాంకేతికతకు ప్రపంచ ప్రమాణాలు రాసే 3జీపీపీ అనే సంస్థ గోడల నష్టాన్ని లెక్కగట్టడానికి సూత్రాలు ఇచ్చింది. వాటి ప్రకారం కాంక్రీటు గోడ దాటేటప్పుడు 700 మెగాహెర్ట్జ్ తరంగం సుమారు 8 డెసిబెల్స్ పోగొట్టుకుంటుంది. 3500 మెగాహెర్ట్జ్ తరంగం 19 పోగొట్టుకుంటుంది. 26 గిగాహెర్ట్జ్ దగ్గరికి వస్తే నష్టం వంద దాటుతుంది, అంటే గోడ అవతల ఏమీ మిగలదు. రేకుల ఇంటి సంగతి మరీ ఇబ్బంది. లోహపు రేకు తరంగాన్ని దాదాపు మొత్తంగా వెనక్కి తిప్పికొడుతుంది. ఊళ్లో పెంకుటింటివాళ్లు "మా ఇంట్లో సిగ్నల్ వస్తోంది, మీ కొత్త డాబాలో రాదేం?" అని అడగడంలో శాస్త్రం ఉంది.

గోడలు దాటగల 700 మెగాహెర్ట్జ్‌నే అందరికీ ఇవ్వొచ్చుగా అనిపిస్తుంది. కానీ 2022 స్పెక్ట్రమ్ వేలంలో జియో ఆ బ్యాండులో దేశమంతటా కొన్నది 10 మెగాహెర్ట్జ్ వెడల్పు మాత్రమే. 3500 మెగాహెర్ట్జ్ ఉండే 3300 బ్యాండులో కొన్నది 100. 26 గిగాహెర్ట్జ్‌లో 1000. 1948లో క్లాడ్ షానన్ నిరూపించిన సూత్రం ప్రకారం డేటా వేగానికి ఉండే గరిష్ఠ హద్దు రెండింటి మీద ఆధారపడుతుంది. ఒకటి బ్యాండు వెడల్పు, రెండోది రొదతో పోలిస్తే సిగ్నల్ ఎంత స్పష్టంగా ఉందన్నది. స్పష్టత అంతే ఉంటే, వెడల్పు పదింతలైతే వేగం పదింతలవుతుంది. సిగ్నల్ శక్తి పదింతలైతే మాత్రం వేగం అలా పెరగదు, కొద్దికొద్దిగానే పెరుగుతుంది. మా ప్రాంతం రైతుకు దీన్ని కాలువతో చెప్పవచ్చు. 700 బ్యాండు శివారు చేను దాకా పారే సన్న బోదె. 3500 బ్యాండు పెద్ద కాలువ, కానీ దాని నీరు శివారుకు చేరేలోగా ఇంకిపోతుంది. ఆ పెద్ద కాలువ నీరు శివారు ఇంటికి కూడా అందాలంటే దారిలో ఇంకిపోయే నష్టాన్ని తగ్గించాలి. పెట్టెను గోడ బయటికి, పైకి తీసుకెళ్లడంతో జరిగేది అదే.

ఇది కొత్త ఆలోచన కాదు, మన దేశానికి అసలే కాదు. 1990లలోనే మద్రాసు ఐఐటీలో అశోక్ ఝున్‌ఝున్‌వాలా బృందం కార్‌డెక్ట్ అనే వ్యవస్థను తయారుచేసింది. ఇంటికి బిగించిన చిన్న యాంటెన్నా కిలోమీటర్ల దూరంలోని కేంద్రంతో మాట్లాడి, ఫోనుతో పాటు 35 లేదా 70 కిలోబిట్ల ఇంటర్నెట్ ఇచ్చేది. 2000 దశకం మధ్యలో పశ్చిమ గోదావరి జిల్లాలో భీమవరం చుట్టుపక్కల గ్రామాల్లో బైర్రాజు ఫౌండేషన్ 'అశ్విని' పేరుతో వైఫైని ఊరి నుంచి ఊరికి పంపే వ్యవస్థ నడిపింది. దాని మీద వీడియో ద్వారా వైద్య సలహాలు, పాఠాలు అందించారు. ఆ అనుభవాలను కాన్పూరు ఐఐటీ పరిశోధకులు రాసిపెట్టారు. వాళ్లు గమనించిన ముఖ్య విషయాల్లో ఒకటి, రేడియో పరికరాల కంటే వాటిని పైకెత్తి నిలబెట్టే టవర్ల ఖర్చే ఎక్కువని. డెల్టాలో చెట్లను దాటి చూడాలంటే ఎత్తు కావాలి, ఎత్తుకు డబ్బు కావాలి. ఈనాటి సౌలభ్యం ఏమిటంటే ఆ ఎత్తయిన టవరు సెల్ కంపెనీ ఖర్చుతో ఎప్పుడో నిలబడింది, మనం చూసుకోవాల్సింది ఇవతలి కొస ఒక్కటే.

డాబా మీది పెట్టెలో ఒక తెలివైన ఏర్పాటు ఉంది. పాత 4జీ రౌటర్లకు బయట యాంటెన్నా బిగించి, కోయాక్సియల్ కేబుల్‌తో లోపలికి లాగేవాళ్లం. బజారులో దొరికే సన్నరకం కేబుల్ ఈ పౌనఃపున్యాల దగ్గర మీటరుకు ఒక డెసిబెల్‌కు పైగా తినేస్తుంది. పది మీటర్లు లాగితే యాంటెన్నా సంపాదించినదంతా కేబుల్లోనే పోయేది. కొత్త పెట్టెలో యాంటెన్నా, మోడెమ్ రెండూ కలిసి పైనే ఉంటాయి. కిందికి దిగేది రేడియో తరంగం కాదు, అంకెలుగా మారిన డేటా. అది మామూలు ఈథర్‌నెట్ కేబుల్ మీద వంద మీటర్ల దాకా ఏమీ పోకుండా వస్తుంది. పెట్టెకు కావలసిన కరెంటు కూడా అదే కేబుల్ మీద పైకి వెళ్తుంది.

బిగించడానికి వచ్చిన కుర్రాడు కేబుల్ తక్కువ పడుతుందని పడమటి పిట్టగోడ చూపించాడు. అక్కడ ఆర్‌ఎస్‌ఆర్‌పీ మైనస్ 85. చూడ్డానికి చక్కటి అంకె. వేగం మాత్రం 35 ఎంబీపీఎస్ దాటలేదు. మా పథకం గరిష్ఠం 100. అప్పుడు రెండో కొలత చూశాం, దాని పేరు ఎస్‌ఐఎన్‌ఆర్. మన టవరు సిగ్నల్, మిగతా టవర్ల జోక్యం కంటే, రొద కంటే ఎంత పైకి ఉందో ఇది చెబుతుంది. 20 దాటితే చాలా మంచిది, సున్నాకు దగ్గరైతే చెడ్డది. పడమటి గోడ మీద అది 4. అక్కడి నుంచి పక్క ఊరి టవరు కూడా అడ్డం లేకుండా కనిపిస్తోంది, రెండూ ఒకే పౌనఃపున్యంలో పలుకుతున్నాయి. ఈశాన్యం మూలకు మార్చాం. మెట్ల గది గోడ ఆ రెండో టవరుకు అడ్డం వచ్చింది. ఆర్‌ఎస్‌ఆర్‌పీ మైనస్ 90కి తగ్గింది, ఎస్‌ఐఎన్‌ఆర్ 17కి ఎగబాకింది, వేగం పగలంతా వంద దగ్గరే నిలిచింది. బలం తగ్గితే వేగం పెరిగింది! గోడ శత్రువని ఇంతదాకా చెప్పాను. సరైన వైపు ఉంటే ఆ గోడే మిత్రుడు.

చెట్ల సంగతికి వస్తే, టవరు కంటికి కనిపిస్తే చాలదు. తరంగానికి ఆ చూపు రేఖ చుట్టూ కొంత ఖాళీ జాగా కావాలి. దీన్ని ఫ్రెనెల్ మండలం అంటారు. రెండు కొసల్లో సన్నగా, మధ్యలో లావుగా ఉంటుంది. రెండు కిలోమీటర్ల దూరానికి, 3500 మెగాహెర్ట్జ్ దగ్గర, నడిమధ్యన దాని వ్యాసార్ధం ఆరున్నర మీటర్లు. పొడుగురకం కొబ్బరిచెట్లు ఇరవై మీటర్లు దాటుతాయి. వాటి తలలు ఈ జాగాలోకి వస్తే సిగ్నల్ తగ్గుతుంది, గాలికి మట్టలు ఊగితే అంకెలు కూడా ఊగుతాయి. వానకు 3500 బ్యాండు పెద్దగా జంకదు. తడిసిన ఆకులకే జంకుతుంది. జోరువాన వెలిసిన వెంటనే మా దగ్గర నాలుగైదు డెసిబెల్స్ తగ్గేది, ఆకులు ఆరాక మళ్లీ ఎప్పటిలా ఉండేది. 26 గిగాహెర్ట్జ్ అయితే కుండపోత వానలో కిలోమీటరుకు ఏడెనిమిది డెసిబెల్స్ వాన చినుకులే తినేస్తాయి. అందుకే అది మా ఊళ్లకు పనికొచ్చే బ్యాండు కాదు.

రాత్రి ఎనిమిది నుంచి పది దాకా వేగం సగానికి పడిపోయేది. ఆ సమయంలో కూడా ఆర్‌ఎస్‌ఆర్‌పీ, ఎస్‌ఐఎన్‌ఆర్ కదిలేవి కావు. లోపం డాబా మీద లేదు. ఊరంతా ఒకే టవరును పంచుకుంటున్న వేళ అది. ఇంటి కనెక్షన్ ఫోను కంటే ఎన్నో రెట్లు డేటా తాగుతుంది. ఈ పథకాల్లో సాధారణంగా కనిపించే నెలకు 1000 జీబీ పరిమితి అందుకే. టవరు నుంచి బయటి ప్రపంచానికి పోయే దారి ఫైబర్ కాకుండా మైక్రోవేవ్ లంకె అయితే ఇరుకు ఇంకా పెరుగుతుంది.

పెట్టించుకోబోయేవాళ్లకు కొన్ని మాటలు. అప్‌లోడ్ వేగం డౌన్‌లోడ్ కంటే బాగా తక్కువ ఉంటుంది. 3500 బ్యాండులో ఒకే పౌనఃపున్యాన్ని కాలంలో ముక్కలు చేసి, ఎక్కువ ముక్కలు డౌన్‌లోడ్‌కే ఇస్తారు. చేపల చెరువు మీద పెట్టిన సీసీ కెమెరాలను బయటి నుంచి నేరుగా చూడాలనుకునేవాళ్లు, ఇంటికి విడిగా పబ్లిక్ ఐపీ చిరునామా దొరకకపోవచ్చని తెలుసుకోవాలి. కరెంటు పోతే పెట్టె, రౌటరు రెండూ ఆగిపోతాయి కాబట్టి రెండింటినీ ఇన్వర్టరు మీద ఉంచాలి. పిడుగుల కాలంలో ప్లగ్గు తీసేయడం మంచిది. ఆన్‌లైన్‌లో దొరికే సిగ్నల్ బూస్టర్లు కొనకండి. అనుమతి లేకుండా వాటిని వాడటం చట్టవిరుద్ధం, పైగా అవి టవరులో రొద పెంచి ఊరందరి ఫోన్లనూ చెడగొడతాయి.

మీ గుమ్మం దాకా ఫైబర్ వస్తే ఆలోచించకుండా అదే తీసుకోండి. వేగంలోనూ నిలకడలోనూ దాన్ని రేడియో మించలేదు. 2011లో ఆమోదం పొంది తర్వాత భారత్‌నెట్‌గా మారిన పథకం ఫైబర్‌ను పంచాయతీల దాకా తేవడానికే పుట్టింది. పంచాయతీ కార్యాలయం నుంచి చేల మధ్య ఇంటికి ఉన్న ఆఖరి దూరానికి ఇప్పుడు 5జీ పెట్టె సరిగ్గా సరిపోతుంది, టవరు దాకా ఫైబర్ వచ్చి ఉంటేనే. కాబట్టి సంతకం పెట్టే ముందు అదే కంపెనీ సిమ్ ఉన్న ఫోనుతో డాబా నాలుగు మూలలా రెండు కొలతలూ చూడండి, పగలు ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి. బిగించేవాళ్లను ఎస్‌ఐఎన్‌ఆర్ చూపించమని అడగండి. మీ ఊరి టవరుకు ఫైబర్ వచ్చిందో లేదో కనుక్కోండి. రాకపోతే గ్రామసభలో ఆ మాట ఎత్తండి.