ఓరుగంటి కోటలో ఒక పూట

పంతులుద్యోగంలో ఒక సౌకర్యం వుంది. చూడని ఊళ్ళను గురించి చూసినట్టే చెప్పవచ్చు. నేను ఇరవై యేళ్ళకు పైగా కాలేజీలో తెలుగు పాఠాలు చెబుతున్నాను. హస్తినాపురమూ, ద్వారకా, మిథిలా, ఒక్క టిక్కెట్టయినా కొనకుండా పిల్లలందరినీ తిప్పి తీసుకొచ్చాను. ఎవరూ అడ్డు ప్రశ్న వెయ్యలేదు, ఒక్కసారి తప్ప.

అది నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో జరిగింది. ఆ రోజు పాఠం 'క్రీడాభిరామం'. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన వీథి నాటకం. కాదు, అది శ్రీనాథుడిదే అన్న పండితులూ వున్నారు. రావిపాటి త్రిపురాంతకుడు సంస్కృతంలో వ్రాసిన 'ప్రేమాభిరామం' దీనికి మూలం. ఎవరు వ్రాసినా కథ మాత్రం చాలా చిన్నది. గోవింద మంచనశర్మ అనే బ్రాహ్మణుడూ, టిట్టిభసెట్టి అనే వర్తకుడూ స్నేహితులు. ఇద్దరూ కలిసి తెల్లవారింది మొదలు ఓరుగంటి వీధులన్నీ తిరిగి చూస్తారు. అంతే! గుళ్ళూ, కోడిపందేలూ, పొట్టేళ్ళ పోట్లాటలూ, పల్నాటి వీరుల కథ పాడే స్త్రీ, ఒక్క రూకకు కమ్మని భోజనం పెట్టే పూటకూళ్ళ ఇల్లూ, పిల్లల ముందు చదవడానికి పెద్దలు కాస్త జంకే వీధులూ, అన్నీ అందులో వున్నాయి. కాకతీయుల రాజధానిలో మామూలు మనుషులు ఎట్లా బతికారో చెప్పడానికి ఇంతకంటే మంచి పుస్తకం మనకు లేదు.

నేను మంచి ఊపు మీద వున్నాను. వెనక బల్ల మీది కుర్రవాడొకడు లేచి, "సార్, మీరు ఆ కోట చూసిన్రా?" అని అడిగాడు.

చూడలేదు. కాని కొత్త ఉద్యోగం, కొత్త చొక్కా. "ఆఁ, చూశాను" అన్నాను.

"ఇప్పుడు అండ్ల ఎవలన్న ఉంటరా సార్?"

"ఎవరుంటారోయ్! అంతా శిథిలం. గబ్బిలాలు వుంటాయి."

క్లాసంతా నవ్వింది. ఆ కుర్రవాడు మాత్రం నవ్వకుండా కూర్చున్నాడు. ఆ సంవత్సరం చివర పరీక్ష దరఖాస్తులు సరిచూస్తూ వుంటే అతని కాగితం చేతికి వచ్చింది. చిరునామా దగ్గర రెండే మాటలు: కోట, వరంగల్.

నా అబద్ధం ఆ క్షణాన్నే అతనికి తెలిసిపోయిందన్నమాట! నలుగురిలో నన్ను నిలదీయవచ్చు. నిలదీయలేదు. నేను మాత్రం అతని తల్లిదండ్రులను, ఇరుగుపొరుగును, అందరినీ కలిపి గబ్బిలాలన్నాను. అప్పటి నుంచి 'క్రీడాభిరామం' చెప్పినప్పుడల్లా నా కళ్ళు వెనక బల్ల మీదికి పోతూనే వున్నాయి.

ఈ సంక్రాంతి సెలవుల్లో మా ఆవిడ రామప్ప గుడి చూద్దామన్నది. 2021లో ఆ గుడి ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన దగ్గర నుంచీ మా వీధిలో చూడనివాళ్ళం మేమే మిగిలామట. "సరే, దారిలో కోట కూడా చూద్దాం" అన్నాను. ఇంటర్మీడియెట్ చదువుతున్న మా అమ్మాయి, కోటను కాలినడకన తిప్పి చూపించే కుర్రవాడొకణ్ణి ఎట్లాగో పట్టుకున్నది. హైదరాబాదు నుంచి వరంగల్లు నూటయాభై కిలోమీటర్ల లోపే. రైల్లో కూర్చున్న తరవాత భార్యా బిడ్డల ముందు గబ్బిలాల సంగతి ఒప్పుకున్నాను. మా ఆవిడ ఏమీ అనలేదు. అదే ఎక్కువ శిక్ష.

పొద్దున్నే ఏడు గంటలకు ఎనిమిది మందిమి పోగయ్యాం. గైడుకు పాతికేళ్ళుంటాయి. కోటలోనే పుట్టాడు. మేమంతా రాతి గోడల కోసం మెడలు సాచి చూస్తూ వుంటే, అతను మమ్మల్ని గడ్డి మొలిచిన ఒక మట్టి దిబ్బ ఎక్కించాడు. పక్కన మేకలు మేస్తున్నాయి.

"ఇదే కోట సార్. అందరు రాళ్ళకోట చూసి పోతరు. దీన్ని గుట్ట అనుకుంటరు."

నేనూ గుట్ట అనే అనుకున్నాను! ఓరుగంటికి ఒకదాని చుట్టూ ఒకటి ప్రాకారాలు. నడుమ రాతికోట. గణపతిదేవ చక్రవర్తి మొదలుపెడితే, ఆయన కుమార్తె రుద్రమదేవి ఎత్తు పెంచింది. దాని అడ్డుకొలత సుమారు 1.2 కిలోమీటర్లు. చుట్టూ నీళ్ళు నిండే అగడ్త. దాని అవతల ఈ మట్టికోట, అడ్డుకొలత ఇంచుమించు 2.4 కిలోమీటర్లు. దానికీ అగడ్త వున్నది. ఇంకా వెలుపల, హనుమకొండను కూడా కలుపుకొని, 12 కిలోమీటర్ల పైచిలుకు అడ్డుకొలతతో మరో మట్టికట్ట.

"రాజులకు రాయి దొరకకనా ఈ మట్టి?" అన్నారు మాతో వచ్చిన రిటైరయిన బ్యాంకు ఉద్యోగి.

"రాయికి రాయి తగిలితే పగులుతది సార్. మట్టికి రాయి తగిలితే మట్టి మింగుతది" అన్నాడు గైడు.

ఎంత చక్కగా చెప్పాడు! ఆ రోజుల్లో కోటలను పడగొట్టేది పెద్ద బండలు విసిరే యంత్రాలతో. మాలిక్ కాఫర్ 1310లో ఈ కోటను ముట్టడించినప్పటి సంగతులు వ్రాసిన ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో, శత్రుపక్షం వాడై వుండి కూడా, ఈ మట్టిగోడ గట్టితనాన్ని మెచ్చుకున్నాడు. ఉక్కు బల్లెం కూడా అందులో దిగదన్నాడు. ఢిల్లీ కవిని మెప్పించిన గోడ మీద నిలబడి, నేను మేకలను చూసి మురుస్తున్నాను.

తరవాత రాతికోట. ప్రవేశద్వారం అంటే రెండు తలుపులు, తిన్నగా ఒక దారి అని నేను బోర్డు మీద బొమ్మ కూడా వేసి చూపించేవాణ్ణి. కాని ఇక్కడ లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగా గోడ! పక్కకు తిరగాలి, ముందుకు నడిచి మళ్ళీ తిరగాలి. "ఏనుగును ఉరికిచ్చి తలుపును గుద్దిపియ్యాలంటే తిన్నగ జాగ ఉండాలె గద సార్" అన్నాడు గైడు. ఆ మలుపుల్లో చిక్కుకున్న సైన్యం మీద చుట్టూ గోడల మీది నుంచి బాణాలు కురుస్తాయి. మా ఆవిడ చుట్టూ చూసి, "ఇంటికి పిలవని చుట్టాలు రాకుండా మనమూ ఇట్లా కట్టించుకుంటే బాగుండును" అన్నది.

గోడ అంతా పెద్ద పెద్ద నల్లరాతి దిమ్మెలు. సున్నం లేదు, అడుసు లేదు. ఒకదాని మీద ఒకటి అమర్చి వదిలారు. నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు, చుట్టూ 45 బురుజులు. లోపలివైపు రాతి మెట్లు. మెట్లెక్కి గోడ మీద నిలబడ్డాను. అప్పటి దాకా నా మనసులో వున్న కోట ఆ క్షణాన కూలిపోయింది.

లోపల ఒక ఊరు వున్నది!

పెంకుటిళ్ళూ, మేడలూ, వరిమళ్ళూ. వాకిట్లో కళ్ళాపి చల్లుతున్న అమ్మాయి. స్కూటరు వెనక పాలక్యాన్లు కట్టుకొని గోడ నీడన వెళుతున్న మనిషి. పడమరకోట, తూర్పుకోట అని పేర్లతో, రాజులు పోయినా, పాలకులు మారినా, మనుషులు ఈ గోడల లోపల కాపురాలు చేస్తూనే వున్నారు. మా అమ్మాయి నా చెవి దగ్గర, "నాన్నా, గబ్బిలాలేవీ?" అన్నది.

ఊరి నడిబొడ్డున స్వయంభూదేవుని ఆలయం వుండేది. ఇప్పుడు అక్కడ నేల నిండా విరిగిన స్తంభాలూ, పూలతీగెలు చెక్కిన దూలాలూ, నందులూ. ఆ రాళ్ళ మధ్య నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు మాత్రం చెక్కు చెదరకుండా నిలిచాయి. ఒక్కొక్కటి ముప్ఫయి అడుగుల ఎత్తు. పైన హంసలు, కింద తామరమొగ్గలు. వాటి మీద దేవతల కథలేవీ లేవు, అందుకే వాటి జోలికి ఎవరూ పోలేదని కొందరంటారు. 2014లో ఈ తోరణమే తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో చేరింది. చిహ్నంలో దాన్ని వెయ్యిసార్లు చూశాను. అయితే అది గుడికి ద్వారమనీ, ఆ గుడి ఇప్పుడు లేదనీ, తోరణం కింద నిలబడి లోపలికి చూసేదాకా నాకు తట్టలేదు.

మొదటిసారి విఫలుడై తిరిగిపోయిన ఢిల్లీ యువరాజు ఉలూగ్ ఖాన్ మళ్ళీ వచ్చి, 1323లో కోటను పట్టుకున్నాడు. తరవాతి కాలపు మహమ్మద్ బిన్ తుగ్లక్ అతడే. చెరపట్టిన ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి తరలిస్తూ వుంటే, ఆయన నర్మదానది ఒడ్డున ప్రాణం విడిచినట్టు విలస తామ్రశాసనం చెబుతున్నది. ఓరుగల్లు సుల్తాన్‌పూర్ అయింది. తోరణాలకు పడమరగా, ఏటవాలు గోడలతో వున్న ఖుష్ మహల్‌ను షితాబ్ ఖాన్ కట్టించాడని వాడుక. కాదు, తుగ్లకుల నాటిదే అని కొందరు చరిత్రకారులంటారు. ఆ చల్లని చీకటి హాలులో కూర్చుని కాసేపు కాళ్ళు పట్టుకున్నాం.

అక్కడ కూర్చున్నప్పుడే నాకొక సంగతి తోచింది. ఇన్నేళ్ళుగా పాఠం చెబుతూ కూడా దాన్ని పట్టించుకోలేదు. తెలుగు 'క్రీడాభిరామం' పుట్టేనాటికి కోట పడిపోయి ఎన్నో దశాబ్దాలయింది. రాజు లేడు, గుడి లేదు. అయినా ఆ కవి ఓరుగంటిని కూలిన ఊరుగా వ్రాయలేదు. పూటకూళ్ళవ్వ పొయ్యి ఆరనివ్వలేదు. కోళ్ళ పందెం ఆపలేదు. ఊరంటే రాళ్ళు కావని ఆయనకు తెలుసు. పాఠం చెప్పే నాకు తెలియలేదు.

చివరికి ఏకశిల గుట్ట ఎక్కాం. ఈ ఒంటికల్లు వల్లనే ఓరుగల్లు అనే పేరు వచ్చిందంటారు. దిగేసరికి పదకొండు దాటింది. గైడు మమ్మల్ని వాళ్ళ ఇంటికి తీసుకువెళ్ళాడు. వాళ్ళమ్మ చాప పరిచి, అందరికీ టీ ఇచ్చింది.

"ఇంత దూరం మా ఊరు చూడొచ్చిన్రా అమ్మా!" అన్నది మా ఆవిడతో.

మేము కోట చూడడానికి వచ్చాం. ఆమెకు అది ఊరు.

గైడు నా పక్కన చేరి, "మీరు తెలుగు సారట గద! మీ పుస్తకంల మా కోట ఉన్నదంట, అండ్ల ఎవలెవలు ఉంటరు సార్?" అని అడిగాడు. చెప్పాను. అన్నం అమ్ముకునే ఆమె, కథలు పాడే ఆమె, కోళ్ళ పందెం కాసేవాళ్ళు, ఊరు చూడవచ్చిన ఇద్దరు స్నేహితులు. అంతా విని నవ్వాడు. "గట్లయితే మా ఊరోళ్ళే!"

అప్పుడు ధైర్యం తెచ్చుకొని నా పాత శిష్యుడి పేరు చెప్పి, ఎరుగుదువా అన్నాను.

"గా పేరుతోని కోటల నలుగురున్నరు సార్. ఒకాయిన దుబాయి పోయిండు. ఒకాయిన బడిల సారు. ఇంటిపేరేంది?"

ఇంటిపేరు జ్ఞాపకం లేదు. వంద పద్యాలు తడుముకోకుండా చెప్పగలను, ఆ కుర్రవాడి ఇంటిపేరు మాత్రం గుర్తు పెట్టుకోలేకపోయాను. టీకి డబ్బులిస్తామంటే వాళ్ళమ్మ ఒప్పుకోలేదు. ఆనాటి పూటకూళ్ళ ఇంట్లో రూకయినా పుచ్చుకునేవారు.

పాఠకులకు ఒక్క సలహా. వరంగల్లు వెళితే వేయిస్తంభాల గుడి చూడండి, రామప్ప చూడండి. కాని ఒక పూట కోటకు వుంచుకోండి. కారు దిగి నడవండి. చలికాలం పొద్దున మంచిది. మట్టికోటతో మొదలుపెట్టండి. ఆ ఊరివాడెవరైనా వెంట వుంటే మరీ మంచిది. మంచనశర్మకు కూడా తోడొకడు కావలసి వచ్చింది.

సెలవుల తరవాత క్లాసులో మళ్ళీ 'క్రీడాభిరామం' తీశాను. పద్యం ఎత్తుకునే ముందు, "వెనక ఒక కుర్రవాడు ఈ ఊళ్ళో ఇప్పుడు ఎవరైనా వుంటారా అని నన్నడిగాడు" అని మొదలుపెట్టి, అప్పుడు నేనేమన్నదీ ఉన్నదున్నట్టు చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. తరవాత వాళ్ళమ్మ చాప పరిచి ఇచ్చిన టీ దగ్గర నుంచి పాఠం చెప్పాను.