గింజ, గడ్డి, పుట్టగొడుగు: ఒకే చక్కెర, మూడు అల్లికలు

వరి గింజలోని పిండి, వరిగడ్డిలోని పీచు, ఆ గడ్డి మీద పెరిగే పుట్టగొడుగు కణాల గోడ, ఈ మూడింటికీ ముడిసరుకు చాలావరకు గ్లూకోజే. గ్లూకోజ్ అణువులు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడ్డాయన్న దాంట్లోనే తేడా అంతా ఉంది. గింజలోని ముడిని మనిషి ఒంట్లోని ఎంజైములు విప్పగలవు, అందుకే అన్నం అరుగుతుంది. గడ్డిలోని ముడి మనిషికి లొంగదు. పశువుకైనా పొట్టలోని సూక్ష్మజీవులే ఆ పని చేసిపెడతాయి. పుట్టగొడుగులోని మూడో ముడితో తయారైన పదార్థాన్ని బీటా గ్లూకాన్ అంటారు. అదీ అరగదు. కానీ దాన్ని తాకగానే గుర్తుపట్టే కణాలు ఒంట్లో ఉన్నాయి. పుట్టగొడుగుల ఔషధ గుణం గురించి చెప్పుకునే మాటలకు ఎక్కువ ఆధారం ఈ గుర్తింపులోనే దొరుకుతుంది.

ఉమ్మడి నల్లగొండ జిల్లాలో నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింది మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల్లోనూ, మూసీ వచ్చి కృష్ణలో కలిసే వాడపల్లి ఉన్న దామరచర్ల మండలంలోనూ వరి విస్తారంగా పండుతుంది. కోత మిషన్ వెళ్లాక మడిలో మిగిలిన గడ్డి కొంత పశువుల మేతకు పోతుంది, కొంత అక్కడే కాలి బూడిదవుతుంది. ఆ గడ్డి మీద పెంచదగిన పుట్టగొడుగులు ముఖ్యంగా మూడు. వరిగడ్డి పుట్టగొడుగుకు 30 నుంచి 35 డిగ్రీల వేడి కావాలి. కోడిగుడ్డు ఆకారంలో, ఇంకా విచ్చుకోకముందే కోయాలి. ఫ్రిజ్‌లో పెడితే నిలవుండకపోగా నీరుకారిపోతుంది. చిప్ప పుట్టగొడుగు చలికాలంలో బాగా వస్తుంది. పాల పుట్టగొడుగు ఎండలకు తట్టుకుంటుంది కాబట్టి ఈ ప్రాంతానికి బాగా నప్పుతుంది. బెంగాల్‌లో దొరికిన దీన్ని శాస్త్రవేత్తలు 1974లో వర్ణించారు. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం 1998లో సాగుకు అనువైన రకాన్ని విడుదల చేసింది.

తొలకరి తర్వాత చెదపుట్టల మీద లేచే పుట్టకొక్కుల సంగతి వేరు. వాటిని పెంచేది చెదపురుగులే. నమిలి మింగి, పూర్తిగా అరగకుండానే విసర్జించిన ఎండుపుల్లల పొడితో పుట్ట లోపల తేనెపట్టు లాంటి గదులు కట్టి, వాటి మీద ఈ శిలీంధ్రాన్ని సాగు చేసుకుంటాయి. చెదపురుగులు లేకుండా వీటిని వాణిజ్యపరంగా పండించడం మనిషికి ఇంతవరకు సాధ్యం కాలేదు.

పుట్టగొడుగుల సాగుకు మూలం కల్తీ లేని విత్తనం. పుట్టగొడుగు కణజాలం నుంచే శుద్ధమైన విత్తనం తీసే పద్ధతిని 1905 ప్రాంతంలో అమెరికాలో బెంజమిన్ డగ్గర్ వివరించారు. ఈ డగ్గర్‌కు తెలుగువారితో ఒక అనుబంధం ఉంది. వయసు మళ్లాక ఆయన చేరిన లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అక్కడే మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి డగ్గర్ వెలికితీసిన ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ మందుల్లో అదే మొదటిది.

తాజా పుట్టగొడుగులో పదింట తొమ్మిది వంతులు నీళ్లే. ఎండబెట్టాక మిగిలే బరువులో సుమారు ఐదో వంతు నుంచి మూడో వంతు దాకా మాంసకృత్తులు ఉంటాయి. కొవ్వు చాలా తక్కువ. పొటాషియం, బి విటమిన్లు, ఎర్గోథయోనీన్ అనే ఆక్సీకరణ నిరోధకం కూడా ఉంటాయి. ఈ ఎర్గోథయోనీన్‌ను కణాల్లోకి చేరవేయడానికే మనిషి ఒంట్లో ఒక ప్రత్యేక రవాణా ప్రోటీన్ ఉందని 2005లో తేలింది. శాకాహారులకు దొరకడం కష్టమైన డి విటమిన్ కూడా పుట్టగొడుగు ఇవ్వగలదు, కాకపోతే దానికి ఎండ తగలాలి. పుట్టగొడుగులోని ఎర్గోస్టెరాల్ ఎండలోని అతినీలలోహిత కిరణాలకు డి2 విటమిన్‌గా మారుతుంది. చీకటి గదిలో పెంచి, సంచిలో కట్టి అమ్మిన పుట్టగొడుగులో అది దాదాపు ఉండదు. అవే బటన్ పుట్టగొడుగులను ముక్కలు కోసి పావుగంట నుంచి రెండు గంటల దాకా మిట్టమధ్యాహ్నపు ఎండలో పరిస్తే 100 గ్రాములకు తరచుగా 10 మైక్రోగ్రాములకు మించి తయారవుతుంది. నల్లగొండ ఎండకు ఇంతకన్నా మంచి ఉపయోగం చెప్పడం కష్టం.

ఇక రోగనిరోధకత. ఒంట్లోకి చొరబడే శిలీంధ్రాలు కూడా బీటా గ్లూకాన్ గోడలు కట్టుకున్నవే. మనిషి కణాల్లో ఆ పదార్థం ఉండదు కాబట్టి, అది కనిపించిందంటే పరాయి జీవి వచ్చిందన్నమాటే. మాక్రోఫేజ్‌లు, న్యూట్రోఫిల్‌లు, డెండ్రైటిక్ కణాలు అనే రక్షక కణాలు తమ పైపొర మీద డెక్టిన్–1 అనే గ్రాహకంతో దాన్ని పట్టుకుంటాయని 2001లో స్పష్టమైంది. పట్టు చిక్కగానే ఆ కణాలు చొరబడినదాన్ని మింగడానికి సిద్ధపడతాయి, సైటోకైన్లు అనే రసాయన కబుర్లు పంపి మిగతా రక్షక కణాలను లేపుతాయి. కూరలో తిన్న పుట్టగొడుగు బీటా గ్లూకాన్ చిన్నపేగు దాకా అరగకుండా చేరుతుంది. అందులో కొంత పేగు గోడలోని రక్షక కణాలకు తగులుతుంది. మిగతాది పెద్దపేగులోని బాక్టీరియాకు మేత అవుతుంది.

ఈ పదార్థాన్ని మందుగా మలిచే పనిలో జపాన్ ముందు నడిచింది. షిటాకే పుట్టగొడుగు నుంచి గోరో చిహారా బృందం వేరుచేసిన లెంటినాన్ గురించి 1969లో లోకానికి తెలిసింది. జీర్ణాశయ క్యాన్సర్‌కు కీమోథెరపీతో పాటు ఇచ్చే సహాయక మందుగా 1985లో జపాన్ దానికి అనుమతి ఇచ్చింది. అంతకుముందు 1977లోనే మరో పుట్టగొడుగు నుంచి తీసిన క్రెస్టిన్‌కు అనుమతి దక్కింది. ఇక్కడ ఒక విషయం గట్టిగా గుర్తుంచుకోవాలి: లెంటినాన్ శుద్ధి చేసి నరంలోకి ఎక్కించే మందు; షిటాకే పొడి మింగితే అదే ఫలితం వస్తుందనడానికి లేదు. తిండిగా తిన్నప్పటి ప్రభావం స్వల్పమే, అయినా లేకపోలేదు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం 2015లో ప్రచురించిన అధ్యయనంలో 52 మంది ఆరోగ్యవంతులు నాలుగు వారాల పాటు రోజూ 5 లేదా 10 గ్రాముల ఎండు షిటాకే తిన్నారు. కొన్ని రకాల టీ కణాలు (ఇవీ రక్షక కణాలే) చురుకయ్యాయి, లాలాజలంలో రక్షక ప్రతిదేహాలు పెరిగాయి, వాపును సూచించే ప్రోటీన్ తగ్గింది. అయితే పోల్చి చూడటానికి షిటాకే తినని బృందం ఆ అధ్యయనంలో లేదు.

సీసాల్లో అమ్మే రీషీ అనే గానోడెర్మా విషయంలో మాటలు ఎక్కువ, రుజువులు తక్కువ. చైనా వైద్యంలో రెండు వేల ఏళ్లుగా పేరున్నదే అయినా, క్యాన్సర్‌కు మొదటి చికిత్సగా వాడటానికి తగిన ఆధారాలు లేవని, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్ష తేల్చింది. మధుమేహం ఉన్నవారి గుండెకు మేలు చేస్తుందన్న మాట కూడా 2015 సమీక్షలో నిలవలేదు. అదే గానోడెర్మా జాతి కోనసీమలో కొబ్బరి చెట్టు మొదలును కుళ్లబెట్టే తెగులు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం దాని నివారణకే ఏళ్ల తరబడి శ్రమిస్తోంది.

రోగనిరోధక శక్తి పెరగడం అందరికీ మంచిదే అనుకోవడం పొరపాటు. ఔషధంగా అమ్మే కార్డిసెప్స్ అనే శిలీంధ్రానికి దగ్గరి బంధువైన మరో శిలీంధ్రం నుంచి వచ్చిన సైక్లోస్పోరిన్ ఆ శక్తిని అణచే మందు. అమెరికాలో 1983లో ఆమోదం పొందిన ఈ మందు అవయవ మార్పిడికి కొత్త ఊపిరి పోసింది. అలాంటి మందులు వాడేవారు, రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవారు వైద్యుణ్ణి అడగకుండా పుట్టగొడుగు గుళికలు మింగకూడదు.

తినే పద్ధతిలోనూ జాగ్రత్తలు ఉన్నాయి. వరిగడ్డి పుట్టగొడుగులో గుండెకు హాని చేసే ఒక ప్రోటీన్ ఉంది. వేడికి అది చెడిపోతుంది కాబట్టి బాగా ఉడికించే తినాలి. అమానిటా జాతిలోని విషపు గొడుగు కూడా చిన్నప్పుడు అచ్చం దీనిలాగే గుడ్డు ఆకారంలో ఉంటుంది. రెండింటి తేడా పెరిగాక రాలే పొడి రంగులో తెలుస్తుంది: వరిగడ్డి పుట్టగొడుగుది గులాబీ, విషపు గొడుగుది తెలుపు. అమానిటా విషం తిన్న వెంటనే బయటపడదు. చాలా గంటలు గడిచాక వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. అప్పటికే అది కాలేయాన్ని పట్టి ఉంటుంది. వెండి నాణెం నల్లబడటం, పురుగు తినడం లాంటి పాత గుర్తులను నమ్మి వండటం ప్రాణాపాయం.

పుట్టగొడుగులు నేలలోని కాడ్మియం లాంటి బరువు లోహాలను పీల్చుకుంటాయి. అందువల్ల రహదారుల పక్కన, పరిశ్రమల చుట్టూ మొలిచినవి తినదగినవైనా కోయకూడదు. పెంచేవారికి మరో ఇబ్బంది ఉంది. చిప్ప పుట్టగొడుగు విచ్చుకున్నాక విపరీతంగా రాల్చే సన్నని పొడిని మూసిన గదిలో నెలల తరబడి పీలిస్తే దగ్గు, జ్వరం, ఆయాసంతో ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు. అంచులు పైకి తిరగకముందే కోసుకోవడం, గదికి గాలి ఆడేలా చూసుకోవడం, లోపలికి వెళ్లేటప్పుడు మూతికి గుడ్డ కాకుండా సరైన మాస్కు కట్టుకోవడం దీనికి విరుగుడు.